సున్నపు నీళ్ళ సాక్ష్యం

గెడ్డపేట బస్టాండులో కిళ్ళీ కొట్టు నడిపే దాలినాయుడు, కంటికి కనిపించిందే నిజమని, కనిపించనిదంతా బూటకమని అందరితో వాదిస్తూ ఉండేవాడు.

"మరి గాలి కనిపించదు కదా, పీల్చడం మానేస్తావా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఆకు కదులుతుంటే కనిపించడం లేదా? నన్ను మాటల్లో పెట్టకు. చెయ్యి తప్పి సున్నం ఎక్కువైతే నీ నోరే పొక్కుతుంది" అని నవ్వేవాడు.

అతనికి ఒక్కతే కూతురు. పేరు పైడితల్లి. మూడో తరగతి చదువుతోంది. ఒకరోజు ఆ పిల్ల బడి నుంచి వాంతులు చేసుకుంటూ వచ్చింది. అన్నం వాసన చూస్తేనే మొహం తిప్పుకుంది. నాలుగు రోజులు గడిచేసరికి కళ్ళు పచ్చబడ్డాయి. తల్లి ఎర్నమ్మ హడలిపోయి, భర్తను వెంటబెట్టుకుని పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ పిల్ల పొట్ట నొక్కి చూసింది. రక్తం తీసింది.

"కామెర్లు. కాలేయం వాచింది" అంది.

"మంచి మందు రాయండమ్మా" అన్నాడు దాలినాయుడు.

"దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు. పిల్ల తినగలిగిందల్లా పెట్టండి. నీళ్ళు కాచి తాగించండి. బడికి పంపకండి. రక్త పరీక్ష ఎలా వచ్చిందో చూసి మళ్ళీ చెబుతాను. పిల్ల మత్తుగా పడి ఉన్నా, తికమకగా మాట్లాడినా ఆ క్షణమే తీసుకురండి."

ఆమె అన్ని మాటలు చెప్పినా, దాలినాయుడి చెవిలో 'మందు లేదు' అన్న ఒక్క మాటే మిగిలింది. మందు లేదంటే తన బిడ్డ బతకదనేగా! ఆ భయంలో అతనికి నిజం చెప్పిన మనిషి మీద కోపం వచ్చింది. ధైర్యం చెప్పే మనిషి కోసం వెతుకులాట మొదలైంది. అలాంటివాడు దొరకడం ఎంతసేపు? భయం ఉన్న ప్రతిచోటా ధైర్యం అమ్మేవాడు ముందే దుకాణం తెరిచి కూర్చుంటాడు.

పక్క వీధిలో జోగినాథం ఉండేవాడు. కామెర్లు కడిగేస్తాడని అతనికి పేరు. మర్నాడే దాలినాయుడు పిల్లను అక్కడికి ఎత్తుకెళ్ళాడు.

జోగినాథం ఏదో చెట్టు బెరడు రసం తెచ్చి పైడి చేతులకు మోచేతుల దాకా రాశాడు. ఇత్తడి పళ్ళెం మీద ఆ చేతులు పట్టించి సున్నపు తేట పోశాడు. రంగులేని ఆ తేట పిల్ల వేళ్ళ నుంచి పసుపు ధారగా కారింది. పళ్ళెం నిండా చిక్కటి పసుపు.

"చూశావా నాయుడూ? ఇదీ మీ అమ్మాయి ఒంట్లో ఉన్న విషం."

"చూశాను గురువుగారూ! ఈ కళ్ళతో చూశాను" అన్నాడు దాలినాయుడు, దండం పెడుతూ.

"ఆసుపత్రిలో సూది పొడిచారా? ఇంకెప్పుడూ పొడవనివ్వకు. పొడిస్తే విషం తలకెక్కుతుంది. ఈ సీసాలో రసం ఉంది, రోజూ పొద్దున్నే చేతులకు రాయి. వచ్చే ఆదివారం మళ్ళీ కడుగుతాను. పథ్యం తప్పకూడదు. ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు ఇంట్లోకి రానివ్వకు. చప్పటి మజ్జిగన్నం ఒక్కపూట. అంతే."

ఎర్నమ్మ ఒప్పుకోలేదు. "ఒక్కపూటా? ఎదిగే పిల్ల మావా! డాక్టరమ్మ తినిపించమంది కదా. రక్త పరీక్ష ఏమొచ్చిందో అడిగొద్దాం పద."

"ఆ పరీక్షలో ఏముందో నీకు కనిపిస్తుందా, నాకు కనిపిస్తుందా? పళ్ళెంలో కనిపించింది. నోరు మూసుకో" అని కసిరాడు.

ఆదివారం మళ్ళీ కడిగించాడు. ఈసారి నీళ్ళు లేత పసుపుగా మాత్రమే వచ్చాయి. "సగం దిగిపోయింది" అన్నాడు జోగినాథం. దాలినాయుడు పొంగిపోయాడు. కానీ పిల్ల కళ్ళు ముందుకన్నా పచ్చగా ఉన్నాయని ఎర్నమ్మ చూపిస్తే, "లోపలి పసుపు బయటికొస్తోంది, అందుకే" అని జోగినాథం చెప్పిన మాటనే అప్పజెప్పాడు. భయం మనిషి కళ్ళు మూయదు. తనకు కావలసిన వైపుకు తిప్పుతుంది, అంతే. దాలినాయుడు పళ్ళెం చూశాడు. బిడ్డను చూడలేదు.

మంగళవారం పొద్దున పైడి ఎంత పిలిచినా లేవలేదు. నీరసం కాబోలు అనుకుని, ఎర్నమ్మ నీళ్ళకు వెళ్ళడంతో రోజూ ఆమె రాసే రసం ఆవేళ తనే పడుకున్న పిల్ల చేతులకు రాసి కొట్టుకు వెళ్ళాడు. తొలి బస్సు కండక్టర్ కిళ్ళీ అడిగాడు. దాలినాయుడు సున్నం డబ్బాలో వేలు పెట్టి తీశాడు.

వేలు పసుపుపచ్చగా ఉంది.

"ఏంటి నాయుడూ, సున్నంలో పసుపు కలుపుతున్నావా? పెళ్ళి కిళ్ళీయా?" అన్నాడు కండక్టర్.

దాలినాయుడికి నవ్వు రాలేదు. రెండో వేలు పెట్టాడు. అదీ పసుపే. కొట్టు అద్దంలో కనురెప్పలు పైకి లాగి చూసుకున్నాడు. కళ్ళూ పచ్చగానే ఉన్నట్టు తోచాయి. పిల్ల జబ్బు తనకూ అంటుకుంది! కండక్టర్ పిలుస్తున్నా వినకుండా, కొట్టు తెరిచినది తెరిచినట్టే వదిలి జోగినాథం ఇంటికి పరుగెత్తాడు.

జోగినాథం ఆ వేళ్ళు చూసి పెదవి విరిచాడు. "అనుకున్నాను. నీకూ ఉంది. కూర్చో." రసం రాసి సున్నపు తేట పోశాడు. పసుపు కారింది. "మీ ఆవిడనీ తీసుకురా" అన్నాడు.

దాలినాయుడు ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "మనింట్లో ఎవరమూ మిగలమే" అని ఏడ్చాడు.

ఎర్నమ్మ అతని మొహం చూసింది, వేళ్ళు చూసింది. "పొద్దున పిల్లకు రసం రాసిన చేత్తోనే సున్నంలో వేలు పెట్టావా?" అని అడిగింది.

"అయితే?"

ఆమె వంటింట్లోంచి చపాతీ కర్ర తెచ్చింది. సీసాలో రసం దానికి సగం మేర దట్టంగా, సగం మేర పల్చగా పూసింది. సున్నం కలిపిన నీళ్ళు పోసింది. దట్టంగా పూసిన చోట చిక్కటి పసుపు కారింది. పల్చగా పూసిన చోట, మొన్న ఆదివారం లాగే, లేత పసుపు కారింది.

"చెప్పు మావా! ఈ కర్రకీ కామెర్లేనా? దీనికీ ఒక్కపూట మజ్జిగన్నం పెట్టమంటావా?"

దాలినాయుడు ఆ కర్రను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. జీవితంలో మొదటిసారి అతనికి తన కళ్ళంటేనే భయం వేసింది. రసం, సున్నం కలిస్తే పుట్టే రంగుకు దండం పెట్టి, ఇన్నాళ్ళూ బిడ్డ కడుపు మాడ్చాడు.

అప్పుడే గదిలోంచి మూలుగు వినిపించింది. ఇద్దరూ లోపలికి పరుగెత్తారు. పైడి కళ్ళు తెరిచి ఉంది. తండ్రి దగ్గరికి వంగితే బెదిరిపోయి వెనక్కి జరిగింది.

"అమ్మా... ఈయనెవరు?"

ఆ మాట వింటూనే దాలినాయుడు పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. దారి పొడుగునా "నేనేనమ్మా, నాన్నని" అంటూనే ఉన్నాడు. పిల్ల పలకలేదు.

డాక్టరమ్మ చూస్తూనే నర్సులను కేకేసి సెలైన్ పెట్టించింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి సిద్ధం చేయించింది. ఎర్నమ్మ జరిగిందంతా చెబితే విని, అప్పుడు అతని వైపు తిరిగింది.

"ఈ జబ్బు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆ గొప్ప జోగినాథానికి పోతుంది. తగ్గనివాళ్ళు ఇలా మా దగ్గరికొస్తారు, ఆలస్యంగా. కాలేయానికి బలం కావలసిన రోజుల్లో తిండి మాన్పించారు. ఇప్పుడు నేను మీకు ధైర్యం చెప్పలేను. చేయగలిగింది మాత్రం చేస్తాం."

పెద్దాసుపత్రిలో అద్దాల తలుపు బయట దాలినాయుడు నిలబడే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఏ కబురు వినాలోనని చెవులు మూసుకునేవాడు. వారం గడిచాక ఒక సాయంత్రం ఎర్నమ్మ బయటికొచ్చి, "రా, నిన్ను పిలుస్తోంది" అంది. లోపల పైడి గొంతు గాలిలా వినిపించింది. "నాన్నా." అతను బిడ్డ కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళడానికి చాలా నెలలు పట్టింది.

కొన్నాళ్ళకు కొట్టు ముందు బస్సు దిగిన ఒక యువతి, చంకలో పచ్చటి కళ్ళ పసివాడితో నిలబడింది.

"అన్నా, జోగినాథం గారి ఇల్లు ఎటు? ఆయన చెయ్యి కడిగితే జబ్బు నీళ్ళలోకి దిగడం కళ్ళారా కనిపిస్తుందట కదా?"

దాలినాయుడు ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ భయం అతనికి బాగా తెలుసు. వాదించలేదు. కొట్టు తలుపు దించాడు.

"నీతో నేనొస్తానమ్మా. ముందు ఆసుపత్రికి పద. ఆ నీళ్ళు పసుపెందుకవుతాయో దారిలో చెబుతాను."

నీతి: కళ్ళకు కనిపించినంత మాత్రాన ఏదీ నిజమైపోదు; అలా ఎందుకు కనిపించిందని అడిగి తేల్చుకున్నదే నిజం. ప్రశ్నించడం తప్పు కాదు, ప్రాణం మీదికొచ్చినా ప్రశ్నించకపోవడమే తప్పు.