ముంగిట్లో మడ్డి ఆయిలు

"తప్పు ఒప్పుకోవడానికి తగిన సమయం ఎలా తెలుస్తుందండీ?" అని భానోజీరావు అడిగాడు.

అనకాపల్లిలో విశ్వపతి మాస్టారి దగ్గర రోజూ పొద్దున్నే ఓ గంట కూర్చునేవాళ్ళం, నలుగురైదుగురం. ఆయన కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. వాదనలో ఆయన్ని గెలిచినవాళ్ళు లేరు. కానీ మేం ఏదడిగినా వాదించేవారు కాదు. తన బతుకులోంచి ఓ ముక్క తీసి మా ముందు పెట్టేవారు. అదీ ఎక్కువగా తను తలదించుకున్న ముక్కే.

"చేసిన తప్పా, చెయ్యబోయేదా?" అన్నారు.

"చేసిందేనండి."

"దాన్ని ఇంకెవరైనా మోస్తున్నారా?"

భానోజీ చాప అంచు గిల్లాడు. "మా ఆఫీసు రికార్డు గదిలో ఒకాయనండి. నా పొరపాటుకి మెమో ఆయనకిచ్చారు. పైవాళ్ళ కోపం కాస్త చల్లారాక చెబుదామని..."

మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఈ సంగతి చెప్పారు.

ఆయనకి ముప్పయ్యయిదేళ్ళప్పుడు వరహాలమ్మ గారింట్లో ఒక వాటాలో అద్దెకుండేవారు. ఆవిడ పెళ్ళిళ్ళకి వడియాలు పెట్టి ఇచ్చే మనిషి. ముంగిలంతా ఆవిడ చాపలే. గేటు పక్కన మాస్టారి పాత కారు, దాని పక్కన నూకరాజు ఆటో. నూకరాజు ఆ ఇంట్లో ఉండేవాడు కాదు. వీధిలో పెడితే రెండుసార్లు బ్యాటరీ ఎత్తుకుపోయారని, ఆవిడని బతిమాలి ఆ గోడవార చోటు పుచ్చుకున్నాడు.

ఒక వేసవి ఆదివారం మాస్టారికి కారు ఇంజినాయిలు తనే మార్చాలని బుద్ధి పుట్టింది. ఇంత చదువు చదివి ఒక్క బోల్టు విప్పలేనా అనుకున్నారు. లుంగీ ఎగ్గట్టి కారు కింద దూరి, వంటింట్లోంచి తెచ్చిన సత్తు బేసిన పెట్టి, బోల్టు తిప్పారు. వేడి ఆయిలు ఒక్కసారిగా చేతిమీద పడింది. బోల్టు జారిపోయింది. బేసిన చిన్నది, నిండి పొర్లింది. దాన్ని లాగబోతే బోర్లా పడింది. బయటికొచ్చి చూస్తే నల్లటి మడ్డి నాపరాళ్ళ సందుల్లోంచి పాకుతోంది. అప్పుడాయన చేసిన పని వినండి. రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి గుమ్మరించారు! నూనె నీళ్ళమీద తేలుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ నీళ్ళు మడ్డిని మోసుకుని తిన్నగా వరహాలమ్మ గారి చాపల కిందికి పోయాయి.

మాస్టారు బోల్టు వెతికి బిగించి, బేసిన దాచేసి, లోపలికెళ్ళి సబ్బుతో చేతులు రుద్దుకుంటుండగా ముంగిట్లో కేక వినపడింది.

"వడియాలన్నీ మసైపోయాయి! బుధవారం పెళ్ళివాళ్ళకి ఏం పెట్టను, నా మొహమా?" వరహాలమ్మ గారు చాప ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. అప్పుడే కిరాయి నుంచి వచ్చి ఆటో ఆపిన నూకరాజు కనపడ్డాడు. "నీ డొక్కు బండి కక్కిందిరా ఇది!"

"నాను ఇప్పుడే కదమ్మా వొచ్చాను. నా బండి కింద సూడండి, పొడిగానే ఉంది."

"నీది కాకపోతే మాస్టారిదా? పిల్లలకి పాఠాలు చెప్పే ఆయన నా ముంగిట్లో మడ్డి పారబోస్తాడా?" ఆవిడ గుమ్మం వైపు తిరిగారు. "మీరే చెప్పండి మాస్టారూ."

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మాస్టారన్నారు, "పాత బండ్లు కారుతూనే ఉంటాయండీ."

చూశారా! అబద్ధం కాదది. చదువులేనివాడు భయపడితే నోరు మూసుకుంటాడు, లేదా పచ్చి అబద్ధమాడతాడు. చదువుకున్నవాడు ఇలాంటి నిజమొకటి వెతుక్కుని దాని వెనక దాక్కుంటాడు. ఇది వింటూ నేను పైకే "ఛీ" అనేశాను. మాస్టారు నావైపు చూసి, "అవును, ఆ మాటే," అని మళ్ళీ అందుకున్నారు.

"ముందు ఇదంతా శుభ్రం చెయ్యి. తర్వాత బండి తీసుకుని ఫో. మళ్ళీ నా గేటు లోపల కనపడకు," అన్నారు వరహాలమ్మ గారు.

నూకరాజు కలప అడితీకెళ్ళి గోనెడు రంపపు పొట్టు తెచ్చి, నేలంతా పరిచి, మోకాళ్ళమీద కూర్చుని గోనెపట్టాతో రుద్దడం మొదలుపెట్టాడు. నెత్తిన ఎండ. ఆవిడ కోపం కాస్త తగ్గాక చెబుదామని మాస్టారు లోపలే ఉన్నారు. భోజనానికి కూర్చున్నారు. కూర్చుని, తిన్నారు కూడా.

రెండు దాటాక బయటికొచ్చారు. నూకరాజు పొట్టు ఎత్తి గోనెలో పోస్తున్నాడు.

"నూకరాజూ, ఆ ఆయిలు నాది."

"తెలుసు బాబూ," అన్నాడతను తలెత్తకుండా. "ఆవిడ మిమ్మల్ని అడిగినప్పుడే మీ గోళ్ళల్లో మడ్డి సూసేను."

"మరి అప్పుడే అనలేకపోయావా?"

"నానంటే నమ్ముతారా? మీరే సెప్తారని సూసేను బాబూ."

మాస్టారు వెంటనే వరహాలమ్మ గారి గుమ్మంలోకి వెళ్ళి, తప్పు తనదని చెప్పారు. ఆవిడ నవ్వేశారు.

"పేదవాడని జాలిపడి నెత్తినేసుకుంటున్నారా? అంత మెత్తదనం పనికిరాదు మాస్టారూ."

ఆయన రెండు చేతులూ చాపి గోళ్ళు చూపించారు. ఆవిడ ముక్కున వేలేసుకున్నారు.

"రామ రామ! వాడితోపాటు మీరూ తుడిచారా?"

నూకరాజు గోనె భుజానికెత్తుకుని అంతా విన్నాడు. గోనె ఆటోలో పడేశాడు. ఆటో నడిపించుకుంటూ గేటు దాటిపోయాడు. మర్నాటి నుంచి ఆ వీధి వీధంతా మాస్టారి మంచితనం చెప్పుకున్నారట. ఆయన చేతులెత్తి మొత్తుకున్న కొద్దీ అది ఇంకా పెరిగిందట.

చెప్పడం ఆపి మాస్టారు కాసేపు తన చేతులకేసి చూసుకున్నారు. భానోజీ తల పూర్తిగా వాలిపోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అతని వైపు తిరిగారు.

"మీ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"