నక్క కారు మూత కింద

నల్లకొండ అడవిలో, ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, ఎద్దు మైలన్న కార్ల షెడ్డు ఉండేది. అడవి మొత్తంలో అంతటి ఓపికమంతుడు లేడని అతనికి పేరు. అతనికో పట్టింపు కూడా ఉండేది. తాను బాగుచేసిన ఏ కారునైనా మిట్టమధ్యాహ్నం ఎండలో, నిండా బరువేసి, తనే ముందు కొండెక్కించి దింపేవాడు. ఆ తర్వాతే తాళం ఇచ్చేవాడు.

ఎదురుగా నక్క జంబూరావు ఈమధ్యే అద్దాల దుకాణం తెరిచాడు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె విప్పి, అందులో లెక్కలు మార్చి ఇంజిన్ బలం పెంచడం అతని వ్యాపారం. తన చెయ్యి పడితే మేక నడిపే బండి కూడా చిరుతను దాటేస్తుందని అడవంతా చెప్పుకుని తిరిగేవాడు.

కుందేలు చంగమ్మ కారు మామూలుగానే మంచి హుషారైనది. రోజూ ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తన ముగ్గురు పిల్లల్నీ, పొరుగింటి బాతు పిల్లలిద్దర్నీ అందులో ఎక్కించుకుని కొండమీది మధ్యాహ్నపు బడికి దించేది. ఒకనాడు మలుపులో చిరుతపులి తన కారుతో ఆమెను దాటేసి, వెనక్కి చూసి ఒక నవ్వు నవ్వింది. ఆ నవ్వుకి చంగమ్మ ఒళ్లు మండిపోయింది. తిన్నగా జంబూరావు దుకాణానికి వెళ్లింది.

జంబూరావు పనంతా సాయంత్రానికల్లా ముగించాడు. మర్నాడు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు, చెరువు పక్క చదును రోడ్డు మీద, ఖాళీ కారుని పరుగెత్తించి చూపించాడు. కారు ఎగిరిపోయింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు మిరపకాయల దండ కట్టి, పూచీ తనదని చెప్పి తాళం ఇచ్చాడు.

మూడోరోజు చక్రాలకు గాలి పట్టించుకోవడానికి చంగమ్మ మైలన్న షెడ్డుకి వచ్చింది. అతను పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విన్నాడు. డబ్బాలో గులకరాళ్లు ఆడుతున్నట్టు టిక్ టిక్ మంటోంది. ఇంజిన్ తట్టుకోలేకపోతోంది, పాత పద్ధతికి మార్పించుకోమని చెప్పాడు. ఆమె మూతి ముడుచుకుంది. ఏదైనా తేడా ఉంటే ముందర హెచ్చరిక లైటు వెలిగేది కదా అంది. ఎదుటివాడి దుకాణం నడుస్తుంటే ఓర్వలేక అంటున్నావని కూడా అంది. మైలన్న మనసు చివుక్కుమంది. ఇంకో మాట అనకుండా గాలి కొట్టి పంపేశాడు.

అయిదోరోజు మధ్యాహ్నం అయిదుగురు పిల్లలతో కొండెక్కుతుంటే మూడో మలుపులో ఇంజిన్ ఫట్ మని ఆగిపోయింది. దాంతో బ్రేకు బండలా బిగుసుకుని, ఎంత తొక్కినా దిగలేదు. కారు వెనక్కి, లోయవైపు జారింది. రోడ్డు వార ఉన్న రాయి అడ్డం రాబట్టి ఆగింది గానీ లేకపోతే కారులో ఒక్కరూ దక్కేవారు కాదు.

కబురు విని మైలన్న పరుగున వెళ్లాడు. సీట్ల కింద నక్కి వణుకుతున్న పిల్లల్ని ఒక్కొక్కర్నే బయటికి తీశాడు. తాడు మెడకి వేసుకుని కారుని కొండ దిగువకి లాక్కొచ్చాడు. దారంతా అతని రక్తం ఉడికిపోతూనే ఉంది. నక్క మీద కోపం ఒకటి. మూడోరోజు మాట మింగేసి ఓపికమంతుడనిపించుకున్న తన మీద కోపం ఇంకొకటి.

కారుని జంబూరావు దుకాణం ముందే నిలబెట్టి ఇంజిన్ విప్పాడు. పిస్టన్‌కి బొటనవేలంత బొక్క పడి ఉంది. హెచ్చరిక లైటు వెలగకుండా కంప్యూటర్లోనే నొక్కేసి ఉంది. అడవి అంతా మూగింది.

జంబూరావు తొణకలేదు. పెట్రోలు కల్తీదన్నాడు. చంగమ్మకి తోలడం రాదన్నాడు. చివరికి, ఇలాంటి మార్పు పందేలకే గానీ రోజూ బరువుతో కొండెక్కే బండికి పనికిరాదని నసిగాడు.

"ఆ ముక్క నిమ్మకాయలు తొక్కించినప్పుడు ఏమైంది?" అన్నాడు మైలన్న. ఆ గొంతు అడవిలో ఎవరూ అంతకుముందు వినలేదు. "ఇంజిన్ చేసినవాడు అందులో కాస్త ఓపిక మిగిల్చి పెడతాడు జంబూ. ఎండ కోసం, ఎత్తు కోసం, కల్తీ పెట్రోలు కోసం. ఆ మిగులంతా నువ్వు పిండేసి వేగమని అమ్మావు. పైగా అది అరవకుండా నోరు నొక్కావు."

దుకాణం పక్కన జంబూరావు సొంత కారు నిలబడి ఉంది. అచ్చం చంగమ్మ కారులాంటిదే. మైలన్న ఒక్క గుంజు గుంజి దాని మూత ఎత్తాడు. కంప్యూటర్ పెట్టె మీద తయారైన నాటి సీలు చెక్కుచెదరకుండా ఉంది.

"అందరి బండ్లూ మార్చావు. నీదెందుకు మార్చుకోలేదు?"

"దీంట్లో మా పిల్లలు తిరుగుతారు కదా," అనేశాడు జంబూరావు.

చంగమ్మ నేరుగా వెళ్లి అతని చేతిలోంచి ఆ కారు తాళం లాక్కుంది. తన కారు బాగై, మైలన్న దాన్ని కొండెక్కించి దింపేదాకా ఇవ్వనంది.

మర్నాటి నుంచి నక్క తన పిల్లల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో కొండమీది బడికి నడిపించుకుపోయేవాడు. మూడో మలుపులో సీలు చెదరని కారు అయిదుగురు పిల్లలతో అతన్ని దాటుకుంటూ వెళ్లేది.

తన పిల్లల్ని ఎక్కించని బండికి ఎవడెంత పూచీ ఇచ్చినా నమ్మకూడదు.