కొట్టిన ఇనుము, పోసిన ఇనుము

అనగా అనగా, ఎటు చూసినా పచ్చిక బయళ్లే ఉన్న సోమగిరి రాజ్యంలో ఓంకారాచారి అనే కమ్మరి ఉండేవాడు. ఆ దేశపు రాజు మణిదత్తుడికి చెండాట అంటే ప్రాణం. ఇనుప తల ఉన్న కర్రతో బంతిని కొట్టి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. అదీ ఆట.

ముప్పై ఏళ్లుగా రాజుగారి కర్రలకు తలలు చేసేది ఆచారే. ఇనుమును ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, నున్నగా తీర్చేవాడు.

"బంతి తగిలితే వెన్నను తాకినట్టుందయ్యా ఆచారీ!" అని రాజు మురిసిపోయేవాడు. ఆ మాటతో ఆచారికి కడుపు నిండిపోయేది.

రాజుకు డెబ్బై నిండాయి. జబ్బుచేసి లేచాక చేతులు వణకసాగాయి. బంతి పక్కకు పోయేది, మణికట్టు జివ్వుమనేది. చివరికి ఆట మానేశాడు.

ఒకనాడు రాజు మనవరాలు, ఎనిమిదేళ్ల చంద్రలేఖ, కొలిమి దగ్గరికి వచ్చింది.

"ఆచారి తాతా, మా తాతగారు నాకు ఆట నేర్పుతానన్నారు. ఇప్పుడేమో కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు. ఏమైనా చెయ్యవూ?"

ఆచారి మనసు కరిగిపోయింది. మూడు రోజులు కష్టపడి కొత్త తల చేశాడు. అంతలో రాజుగారి సంగతి విని గవరయ్య అనే పొరుగుదేశపు పనివాడు కూడా ఒక తల తెచ్చాడు. అది కరిగించిన ఇనుమును అచ్చులో పోసి చేసినది. వెడల్పుగా, అంచులు మందంగా ఉంది.

రాజు మొదట ఆచారి చేసిన తల ఉన్న కర్ర పట్టాడు. మొదటి బంతి పొదల్లో పడింది. రెండోది కాళ్ల ముందే ఆగింది. మూడో దెబ్బకు కర్రే చేజారింది.

"నీ పనిలో వంక లేదు ఆచారీ, నా చేతిదే తప్పు" అన్నాడు రాజు నెమ్మదిగా.

తరువాత రాజు గవరయ్య తెచ్చిన తల ఉన్న కర్ర పట్టాడు. ఒక్క దెబ్బా కర్ర తల నడిమిన తగల్లేదు. అయినా మూడు బంతులూ తిన్నగానే పోయాయి.

రాజు ఆచారి వైపు తిరిగాడు. "నువ్వు ఏది మంచిదంటే దానితోనే ఆడతాను. నీ చేతిపని వదులుకోవడం నాకిష్టం లేదు."

'నాదే మంచిది' అని ఒక్క మాట అంటే చాలు, ఆచారి పేరు నిలిచిపోతుంది. కాని అతని చూపు రాజుగారి కందిన మణికట్టు మీద పడింది.

"ప్రభూ, నేను కొట్టిన ఇనుము మెత్తన. సరిగా తగిలితే హాయి. తప్పితే ఆ తప్పును చేతికి చెబుతుంది. రాయి తగిలితే సొట్ట పడుతుంది. గవరయ్య పోసినది గట్టిది. అంత హాయి ఇవ్వదు, కాని తప్పును మన్నిస్తుంది. ఇప్పుడు మీకు మన్నించేదే కావాలి" అన్నాడు.

రాజు లేచి అతణ్ణి కౌగిలించుకున్నాడు. "మరి నీ కర్ర?"

"పాపాయికివ్వండి ప్రభూ. నేర్చుకునే చేతికి తప్పు తెలియాలి. ఆమె ఎత్తుకు తగినట్టు కర్ర కురచ చేసి, తల కర్రను కలిసే మెడ దగ్గర ఇనుము వంచి ఇస్తాను."

"నిజమే. నాది వంచితే విరుగుతుంది" అని గవరయ్య కూడా ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తాతా మనవరాలూ బయలుకు వచ్చారు. చంద్రలేఖ కొట్టిన బంతి పొదల్లోకి పోయింది.

"తాతగారూ, చెయ్యి జివ్వుమంది!"

"ఎందుకో చెబుతాను, ఇలా రా తల్లీ" అంటూ రాజు ఆమె వేళ్లను కర్ర మీద సర్దాడు. ఎన్నాళ్లకో ఆయన నవ్వాడు. దూరంగా నిలబడి చూస్తున్న ఆచారి కళ్లు తుడుచుకున్నాడు.

పిల్లలూ, తన పనిలోని మంచితో పాటు లోపాన్ని కూడా చెప్పగలవాడే నిజమైన పనివాడు, నిజమైన ఆప్తుడు.