కూర్చున్నవారి చుట్టూ తిరిగే బీరప్ప

సీమకు పడమటి కొసన, తెలుగులో కన్నడం కలిసిపోయే చోట, జడలవంక అనే ఊరుంది. ఊరికి ఉత్తరాన చిన్న గుట్ట మీద శ్రీ బీరలింగేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. స్థానికులు ఆయనను బీరప్ప అనే పిలుస్తారు. మెట్లు అరవై రెండు. ఎక్కలేని వారి కోసం పక్కనే బండిబాట వేశారు, ఆటోలు గుడి గుమ్మం దాకా వస్తాయి. గోపురం లేదు, రాతి గోడలు, రాతి కప్పు, ముందు ఒక పందిరి. చూసి వెళ్లడానికి పావుగంట చాలు. అయినా ఇక్కడికి వచ్చినవారు పూటంతా ఉండి పోతారు.

కొత్తగా వచ్చినవారు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. అలవాటు కొద్దీ చేతులు జోడించి ప్రదక్షిణకు బయలుదేరతారు. పూజారి వెంటనే ఆపి, పందిరి కింద కూర్చోమంటాడు. ఈ గుడిలో భక్తులు దేవుడి చుట్టూ తిరగరు. భక్తులు కూర్చుంటే దేవుడే వారి చుట్టూ తిరుగుతాడు. ఇదెక్కడి వింత అని అడగనివారు లేరు. అడిగిన వారందరికీ చెప్పి చెప్పి పూజారుల గొంతు పోతున్నది కనుక ఆ కథను ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ కురుబల ఇళ్లు నలభై దాకా ఉండేవి. గొర్రెలు మేపడం, ఉన్ని వడకడం, కంబళ్లు నేయడం వారి వృత్తి. ఆ ఇళ్లలో నింగప్ప అనేవాడి భార్య మాళమ్మ. ఆమె వడికిన నూలు ఎక్కడా ముడి లేకుండా సాగేదని, నేసేవాళ్లు ఆమె నూలు కోసం వంతులు వేసుకునేవారని చెబుతారు. మాట కూడా అంతే ధాటిగా ఉండేదట. అత్తగారితో సమానంగా వాదించి, వాదిస్తూనే రెండు కదుళ్లు నింపేదట.

ఒక శ్రావణంలో ఊరంతటికీ జ్వరాలు వచ్చాయి. మాళమ్మకూ వచ్చింది. తొమ్మిదో రోజుకు జ్వరం దిగింది. ఊళ్లో మిగతావాళ్లంతా లేచి పనుల్లో పడ్డారు. మాళమ్మ కూడా లేచింది. ఇల్లు ఊడ్చి, తల దువ్వుకుని, కదురు ముందుకు వచ్చేసరికి కాళ్లూ చేతులూ తనవి కావన్నట్టు అయిపోయాయి. పడుకుంది. రెండో రోజూ అంతే, రెండో నెలా అంతే. నిద్రపోయి లేస్తే నిద్రపోనట్టే ఉండేది. ఒకరోజు కాస్త ఓపిక వచ్చిందని ఉన్ని ఉతికితే, ఆ తరువాత నాలుగు రోజులు గోడ వైపు తిరిగి పడుకోవలసి వచ్చింది.

ఆమె దురదృష్టమేమిటంటే చూడడానికి నిక్షేపంగా ఉండేది. ఒంటి మీద పుండు లేదు, ముఖంలో కళ తగ్గలేదు. దగ్గితే దగ్గు అంటారు, కుంటితే కుంటు అంటారు, ఊరికే పడుకుంటే ఏమంటారు? అత్త మొదట జాలిపడింది, తరువాత విసుక్కుంది, ఆపైన ఇరుగుపొరుగుతో చెప్పుకుంది. నింగప్ప చెడ్డవాడు కాదు. భార్యను భుజం మీద చేయి వేయించుకుని ఎక్కడెక్కడికో తీసుకువెళ్లాడు. ఒకచోట కషాయం తాగించారు, ఇంకొకచోట వీపు మీద వాతలు పెట్టారు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, ఇరవై రోజులు ఉప్పు మాన్పించారు. చివరికి ఎంతో దూరాన పేరుమోసిన నాడీవైద్యుడి దగ్గరికి బండి కట్టుకుని వెళ్లారు. ఆయన చాలాసేపు నాడి చూసి, ఈ మనిషికి ఏ రోగమూ లేదని తేల్చాడు. వాతల కన్నా ఆ మాటే మాళమ్మను ఎక్కువ కాల్చింది. రోగమని ఏదో ఒక పేరు చెప్పి ఉంటే ఆమె ఆ పేరు పట్టుకునైనా బతికేది.  ఇల్లు చేరాక నింగప్ప తల్లితో, ఇది పని దొంగతనం తప్ప మరేమీ కాదని అన్నాడు. మాళమ్మ లోపలి నుంచి విన్నది.

వైద్యం అయిపోయాక దైవం మిగిలింది. బీరప్ప పూజారి రేవణప్ప మంచి మనిషి, నియమం గల మనిషి, లెక్కల మీద నమ్మకం ఎక్కువ. సోమవారం సోమవారం గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేయమన్నాడు. మాళమ్మ చేసింది. గురువారం దాకా లేవలేదు. గుణం కనబడలేదని ఇంట్లో వాళ్లు వచ్చి చెబితే, పదకొండు చాలలేదేమోనని ఇరవై ఒకటి చేశాడు. ఆమె శనివారం దాకా లేవలేదు. ఆయన యాభై ఒకటి చేశాడు. నడకే పడనిదానికి నడకనే మందుగా పోస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు. మొక్కు తగ్గించడం మన వాళ్లలో ఎక్కడా లేదు, పెంచడమే తెలుసు.

ఇలా మూడేళ్లు గడిచాయి. కులపెద్దలు కూర్చుని ఒక తీర్మానం చేశారు. రాబోయే జాతర నాడు మాళమ్మ అందరి ఎదుట నూట ఒక్క ప్రదక్షిణలు పూర్తి చేయాలి. చేస్తే ఒంట్లో బాగున్నట్టు, ఇన్నాళ్లూ నటించినట్టు, ఆ సంగతి క్షమించి వదిలేస్తారు. చేయకపోతే పని దొంగేనని పుట్టింటికి పంపి, నింగప్పకు మరో పిల్లను చూస్తారు. ఎటు జరిగినా ఆమె అబద్ధాలకోరే అవుతుందన్న సంగతి వాళ్లు ఆలోచించలేదు. మాళమ్మకు మాత్రం అది వెంటనే కనబడింది. పుట్టింట్లో తల్లి లేదు, వదిన ఉంది. ఇల్లు పోతుందన్న భయం ఒక వైపు, తన మాట ఎవరూ నమ్మరేమోనన్న దుఃఖం మరో వైపు. రెండోదే పెద్దదని ఆమె ముసలితనంలో చెప్పుకునేదట.

జాతరకు ముందురోజు మధ్యాహ్నం రేవణప్ప భోజనం చేసి గుడి నీడలో కునుకు తీస్తుండగా స్వామి కలలో కనబడ్డాడు. నల్ల కంబళి కప్పుకుని గుమ్మంలో నిలబడి, "ఎన్నాళ్లు ఆయమ్మనే తిప్పుతావురా? నాకూ కాళ్లుండాయి కదా" అన్నాడు. రేవణప్ప ఉలిక్కిపడి లేచి చాలాసేపు ఆలోచించాడు. చివరికి స్వామికి ఊరేగింపు చాలడం లేదని అర్థం చేసుకుని, గుడి చుట్టూ మూడుసార్లు జరిగే ఊరేగింపును ఐదుసార్లు చేయాలని చాటింపు వేయించాడు. లెక్కల మనిషి కదా.

జాతర రోజు పొద్దున్నే మాళమ్మ నడక మొదలుపెట్టింది. పదిహేడో చుట్టులో గుడి వెనక, గోడకూ బండరాయికీ నడుమ సందులో కూలబడిపోయింది. లేవబోతే నేల వదలలేదు. సరిగ్గా అప్పుడే డోళ్లతో ఊరేగింపు వచ్చింది. బీరప్ప ఉత్సవమూర్తిని వెదురు బుట్టలో కంబళి పరిచి తలమీద మోస్తారు. తల మీదికి ఎక్కిన బుట్టను ఊరేగింపు పూర్తయ్యే వరకు నేల మీద దించరాదు. ఆ ఏడు మోసే వంతు నింగప్ప ఇంటిది. దారిలో కూర్చున్న భార్యను చూడగానే నింగప్పకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. ఆమెను తప్పించుకుని పోదామని అడుగు వేశాడు.

అడుగు పడలేదు. ఎదిగిన పొట్టేలును భుజాన వేసుకుని గుట్ట దిగే మనిషికి మోకాళ్లు సడలిపోయాయి. బుట్ట వంగబోతే రేవణప్ప పరుగున వచ్చి తన తల మీదికి తీసుకున్నాడు. నింగప్ప మాళమ్మ పక్కనే చతికిలబడ్డాడు. నీళ్లిచ్చారు, బెల్లం పెట్టారు. లాభం లేదు. చేయి ఎత్తి ముఖం తుడుచుకోవడం కూడా అతని వల్ల కాలేదు.

"నొప్పి లేదు, ఏం లేదు. వట్టిగా పోయినాయి కాళ్లు," అన్నాడు. భార్య వైపు తిరిగాడు. "రోజూ ఇట్లనేనా నీకు?"

"ఇది పొద్దున పూట," అంది మాళమ్మ. "మాపటికి ఇంకా బరువవుతాది. తడిసిన కంబళి కప్పుకున్నట్ల ఉంటాది. తీసి పక్కన పెట్టేదానికి రాదు."

నింగప్ప ఏడ్చాడు. డోళ్లు ఆగిపోయాయి. బుట్ట తలమీద ఉన్న రేవణప్పకు అప్పుడు కల అర్థమయింది. తాను మూడేళ్లుగా ఏం చేశాడో కూడా అర్థమయింది. మాళమ్మ లేవబోతుంటే వారించాడు.

"నువ్వు లెయ్యొద్దు అమ్మణ్ణీ. సామే వస్తాడు," అని, గోడవైపు నుంచి ఒరుసుకుంటూ, బండరాయి ఎక్కి దిగుతూ, స్వామిని ఆమె చుట్టూ మూడుసార్లు తిప్పాడు.

మూడో చుట్టు ముగియగానే నింగప్పకు సత్తువ తిరిగి వచ్చింది, లేచి నిలబడ్డాడు. మాళమ్మకు రాలేదు. ఆమె అలాగే కూర్చుని ఉంది. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పెద్దలు గొణుగుతూ, మొక్కు తీరలేదు కదా, తీర్మానం సంగతేమిటని అడిగారు. నింగప్ప వారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పని దొంగ అని మొదట అనింది నేనే. తప్పు నాది. ఆయమ్మకు సాతకాదు. నేను చూసినా," అన్నాడు. ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మాళమ్మ ఇంకా ముప్ఫై ఏళ్లు బతికింది. నింగప్ప వైద్యుల కోసం వెతకడం మానలేదు, కాని పనికిరానిదాన్ని పనికిరాదని ఆమె చెబితే వెంటనే ఆపేవాడు. ఓపిక పూర్తిగా అయిపోక ముందే కదురు పక్కన పెట్టడం ఆమె నేర్చుకుంది. అలా చేస్తే మరుసటి రోజు కూడా కాస్త మిగులుతుందని తెలుసుకుంది. మంచి రోజులు కొన్ని, మంచం రోజులు ఎక్కువ. అత్త చివరి దాకా సణుగుతూనే ఉండేది, అయితే కోడలు పడుకున్నప్పుడు గొంతు తగ్గించి సణిగేది.

నాటి నుంచి నేటి వరకు ఈ గుడిలో అదే ఆచారం. నీరసంతో, పేరు తెలియని నొప్పులతో బాధపడేవారు పందిరి కింద కూర్చుంటారు, చాపలున్నాయి, పడుకోనూ వచ్చు. వారికి తోడుగా వచ్చినవారు, అంటే భర్తో భార్యో తల్లో కొడుకో, రాతితొట్టిలో నానిన కంబళిని పిండకుండా భుజాల మీద కప్పుకుని, బుట్టను తలకెత్తుకుని వారి చుట్టూ మూడుసార్లు తిరగాలి. చలికాలంలోనూ మినహాయింపు లేదు. ఎంత బలమైనవారైనా రెండో చుట్టుకు మాట్లాడడం మానేస్తారు. రోగి ఏ మొక్కూ మొక్కరాదు. సంచుల నిండా రిపోర్టులు తెచ్చి, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయట అని పూజారికి చూపించేవారు ఎందరో. పూజారి వాటిని తెరవకుండానే స్వామి పాదాల దగ్గర ఉంచి తిరిగి ఇచ్చేస్తాడు. ఇక్కడ ఎవరూ మందులు మానమని చెప్పరు. చెబితే దేవస్థానం కమిటీకి తెలియజేయగలరు.

ఇక్కడ రోగం పోతుందని మేము రాయడం లేదు. తగ్గినవారున్నారు, తగ్గనివారు ఎక్కువ ఉన్నారు. వచ్చిన జంటలు వెళ్లేటప్పుడు ఆటోలో ముందు ఎవరు కూర్చోవాలన్న పేచీ లేకుండా వెళ్లడం మాత్రం మేము రోజూ చూస్తున్నాం.

దర్శన వేళలు బోర్డు మీద ఉన్నాయి. మూసే వేళ మాత్రం రాయలేదు. పందిరి కింద కూర్చున్న చివరి మనిషి తనంతట తాను లేచాకే తలుపులు వేస్తారు. ఈ కథను స్నానం చేసి, నిటారుగా కూర్చుని చదవాలన్న నియమం లేదు. పడుకుని విన్నా, సగంలో ఆపి మరునాడు విన్నా ఫలం తక్కువ కాదని బీరప్ప మాట.