మేకు కొట్టిన చోటు

తల్లి సమాధి గట్టుకు అవతల పడేలా ఉంది. ఇత్యేలు బాధంతా అదే.

గోత్రాలన్నీ భూముల కోసం గొంతులు చించుకుంటున్న రోజులవి. దేవుని పేరిట చీట్లు వేసి, ఏ కొండ ఎవరిదో ఏ లోయ ఎవరిదో తేల్చి చెప్పినా గొడవలు తెమల్లేదు. నాకన్నీ రాళ్ళే వచ్చాయని ఒకడు, పక్కవాడికి నీటి ఊట దక్కిందని ఇంకొకడు. నలభై ఏళ్ళు ఎడారిలో గుడారాల కింద సర్దుకుపోయిన మనుషులే, కాస్త మన్ను కనబడేసరికి అన్నదమ్ములని కూడా చూడలేదు.

దేవుని సేవకు కేటాయించిన ఒక్క లేవీ గోత్రానికి మాత్రం వాటా లేదు. దేవుడే మీ వాటా అన్నారు వాళ్ళతో. తల దాచుకోవడానికి అక్కడక్కడా కొన్ని ఊళ్ళు, ఊరి గోడ చుట్టూ పశువుల మేతకు కొంత బీడు ఇచ్చారు. అంతే.

అందుకేనేమో, ఆ కొండల్లో పొలాలు కొలిచే తాడు లేవీయుల చేతికొచ్చింది. భూమి లేనివాడు కొలిస్తే ఎవరికీ అనుమానం ఉండదు కదా.

తాడు పట్టేవాళ్ళలో షెమర్యా పెద్దవాడు. ధర్మశాస్త్రం నేర్చుకుందామని వచ్చిన కుర్ర లేవీయుడు ఇత్యేలు చేతికి ఆయన మొదట తాడు కొస ఇచ్చాడు. ఇదీ చదువేనా అని ఇత్యేలు గొణిగితే, "పట్టుకో" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆయన తీరే అంత.

ఆ రోజు కొలవాల్సింది ఎవరి పొలమో కాదు, లేవీయుల బీడే. బీడు ఆగిన చోట నుంచి గేరా అనే బెన్యామీను గోత్రంవాడి పొలం మొదలవుతుంది. తొలకరి పడింది. గట్టు తేలితే గానీ గేరా నాగలి కట్టలేడు. ఎడ్లను తోలుకొచ్చి, ఓ బండ మీద కూర్చుని రొట్టె నములుతున్నాడు.

"ఇవాళ మీ బీడు మీరే కొలుచుకుంటున్నారు, పెద్దాయనా. ఇంకొకరైతే పక్కనే నిలబడి కాపలా కాసేవాణ్ణి. మీరు గనక హాయిగా తింటున్నాను" అన్నాడు నవ్వుతూ.

ఇత్యేలుకు ఆ నవ్వు చురుక్కుమంది.

ఆ వాలులో, ముళ్ళపొదల పక్కన ఓ రాళ్ళ కుప్ప ఉంది. దాని కింద అతని తల్లి ఉంది. నది దాటి ఈ దేశంలో అడుగుపెట్టిన ఏడాదే జ్వరంతో పోయింది. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "పుట్టినప్పట్నుంచీ గుడారం మేకులు పీకడమే సరిపోయింది నాయనా. ఇక నన్నెవరూ కదపని చోట పెట్టు" అంది. అప్పటికి ఆ వాలు ఎవరిదీ కాదు. మంచి చోటు దొరికిందనుకున్నాడు.

ఊరి గోడ దగ్గర నుంచి తాడు వేసుకుంటూ వచ్చారు. వెనక కొస షెమర్యా చేతిలో, ముందు కొస ఇత్యేలు చేతిలో. ఆఖరి తాడు సమాధికి ఇవతలే ఆగిపోయింది. ఇంకో మూడు బారలు ఉంటే చాలు.

ఇత్యేలు ఆ మూడు బారలూ నడిచాడు. రాళ్ళ కుప్ప దాటాక మేకు కొట్టాడు.

షెమర్యా నిదానంగా వచ్చి మేకును చూశాడు.

"రాత్రి మంచుకు తాడు తడిసింది కదా అయ్యగారూ, బిగుసుకుని పొట్టిదయింది. ఆ తరుగు లెక్కేసి కొంచెం కలిపాను" అన్నాడు ఇత్యేలు.

అది అబద్ధం కాదు. తడిసిన తాడు బిగుసుకుంటుంది, తాడు పట్టినవాళ్ళందరికీ తెలిసిందే. మూడు బారల మేర బిగుసుకోదని కూడా తెలుసు.

షెమర్యా తాడంతా విప్పి బండల మీద పరిచాడు. పక్కనే చతికిలబడ్డాడు. ఎండ ఎక్కింది. గేరా రొట్టె తినడం అయిపోయింది. ఎడ్లు తోకలు ఆడించుకుంటూ నిలబడ్డాయి.

ఆ కాసేపట్లో ఇత్యేలు ఎంత నలిగిపోయాడో చెప్పలేం. ఆయన తిట్టినా బాగుండునని అనిపించింది.

చాలాసేపటికి షెమర్యా తాడును వేళ్ళతో నలిపి చూశాడు.

"ఎండింది. మళ్ళీ కొలుద్దామా?"

ఇత్యేలు తాడు కొస అందుకోలేదు.

"సరే, అలా నడిచొద్దాం రా" అని ముసలాయన లేచాడు.

వాలు దిగి, వాగు దాటి, అవతలి ఒడ్డున ఒక పొలం దగ్గర ఆగారు. ఎవరో ముందుగానే విత్తినట్టున్నారు, యవలు వేలెడెత్తు లేచాయి. పొలమంతా పచ్చగా ఉంది. షెమర్యా గట్టు మీద నిలబడ్డాడు గానీ లోపల కాలు పెట్టలేదు.

"నా భార్య ఇందులో ఉంది" అన్నాడు.

ఇత్యేలు తెల్లబోయాడు. అటూ ఇటూ చూశాడు. ఒక్క రాయి లేదు, గుర్తు లేదు.

"ఎక్కడ?"

"అదిగో, అక్కడెక్కడో. మొదట్లో గుర్తుండేది. ఏటేటా దున్నుతారు కదా."

ఇత్యేలుకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"మరి మీరు అడగలేదా ఆ రైతుని? అంతమేరకు వదలమని?"

"ఏ ముఖం పెట్టుకుని అడగను? కొలిచి ఇచ్చింది నేనే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు, తుడుచుకోనూ లేదు. కొంచెంసేపు ఆ పచ్చదనాన్ని చూసి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

వాగు దాటి మళ్ళీ వాలు ఎక్కారు.

పైకి వచ్చాక ఇత్యేలు తాడు దగ్గరకు వెళ్ళలేదు. నేరుగా మేకు దగ్గరకు వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని లాగాడు. గట్టిగా దిగింది, ఒక పట్టాన రాలేదు. ఎవరూ కదపని చోటు కావాలన్న తల్లి పక్కన చివరికి తనే మేకు పీకుతున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే పీకాడు. మూడు బారలు వెనక్కి నడిచి, తాడు ఆగిన చోట కొట్టాడు.

గేరా అంతా చూస్తూనే ఉన్నాడు. లేచి దగ్గరకొచ్చాడు.

"ఏంటయ్యా, ఏమైంది? ఆ రాళ్ళ కుప్పేంటి?"

ఇత్యేలు గురువు వైపు చూశాడు. ఆయన వంగి తాడు మడతలు పెట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"అక్కడ మా అమ్మ ఉంది. పొలం మాత్రం నీదే, అన్నా" అన్నాడు ఇత్యేలు.

గేరా ముఖం వాడిపోయింది. పీకిన మేకు తాలూకు గుంటను చూశాడు, కొట్టిన మేకును చూశాడు. రాళ్ళ వైపు చూశాడు.

"ఆమె పేరు?" అన్నాడు చివరికి.

"హమ్మోలెకెతు."

గేరా ఆ పేరు తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తర్వాత వెళ్ళి ఎడ్లను కాడికి కట్టాడు.

ఇత్యేలు చూస్తూ నిలబడిపోయాడు. నాగలి ఎటు తిరుగుతుందో చూడాలని ఉంది. చూడాలంటే భయంగానూ ఉంది.

షెమర్యా వచ్చి తాడు కట్టను అతని భుజానికి తగిలించాడు.

"పద నాయనా. పక్క ఊళ్ళో మనకోసం ఎదురుచూస్తుంటారు."

ఇత్యేలు కదిలాడు. వెనక మన్ను చీలుతున్న చప్పుడు వినిపించింది. అతను తిరిగి చూడలేదు.