వెయ్యి చిలకలను గీసిన రాకుమారుడు

చాలా చాలా కాలం కిందట, ఏనుగులూ తాబేళ్లూ మనుషులతో మాట్లాడే రోజుల్లో, సౌగంధిపురాన్ని పృథుసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతుడు కత్తి తిప్పితే గాలి కూడా పక్కకు తప్పుకునేది. రెండోవాడు ధీరకేతుడు గుర్రమెక్కితే దుమ్ము కూడా వెనకబడేది. మూడోవాడు చారుకేతుడు మాత్రం కత్తి పట్టడు, గుర్రమెక్కడు. గుర్రం ముందు గొంతుక్కూర్చుని దాని బొమ్మ గీస్తాడు!

మేకను గీయాలంటే మూడు రోజులు మేకల వెంటే తిరిగేవాడు. అది ఎలా నములుతుందో, ఎలా తుమ్ముతుందో, పడుకునేటప్పుడు ముందు ఏ కాలు మడుస్తుందో చూసేవాడు. అంతా చూశాకే కుంచె రంగులో ముంచేవాడు.

"రాజు కొడుకువై గాడిదల బొమ్మలేమిటిరా? వింటే నలుగురూ నవ్విపోతారు," అనేవాడు తండ్రి.

"గాడిద కళ్లు ఎంత బాగుంటాయో ఎప్పుడైనా చూశారా నాన్నగారూ?" అనేవాడు చారుకేతుడు.

ఇలా ఉండగా ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు మందారమాలను ఏడు సముద్రాల అవతల ఉన్న పగడాల దీవికి ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి వీరకేతుడు ఓడెక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. ధీరకేతుడు వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు. "ఇద్దరు పోయారు, నువ్వైనా మిగులు," అని రాజు ఏడ్చాడు. కానీ అన్నలు లేని కోటలో చారుకేతుడికి అన్నం సహించలేదు. రంగుల సంచి భుజాన వేసుకుని, చెప్పకుండా బయలుదేరాడు.

దారికి అడ్డంగా కీకారణ్యం. అందులో ఒక ముసలి ఏనుగు ఎదురొచ్చింది. ఒకప్పుడు అది కోటలో ఉండేదే.

"నాయనా, చిత్రకారులంతా నన్ను రెండు నిండు చెవులతో గీశారు. నువ్వొక్కడివే నా చిరిగిన చెవిని చిరిగినట్టే గీశావు. అది నేనేనని గుర్తుపట్టాను. ఎక్కు!" అంది. ముళ్లూ పొదలూ తొక్కుకుంటూ అతన్ని సముద్రం దాకా మోసుకెళ్లింది.

ఒడ్డున కొండంత తాబేలు. "ఏడు సముద్రాలు దాటిస్తావా తాతా?" అని అడిగాడు చారుకేతుడు.

"వెయ్యేళ్లు బతికాను. ఎంత మెడ చాచినా నా వీపు నాకు కనబడదు. గీసి చూపిస్తే దాటిస్తాను."

చారుకేతుడు మూడు రోజులు కూర్చుని డిప్ప మీది గళ్లన్నీ గుడ్డ మీద గీశాడు. తాబేలు కళ్లు చెమర్చాయి. "ఇంత అందం మోస్తున్నానా నేను!" అంటూ నీళ్లలోకి దిగింది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, ఏడూ దాటింది.

దీవి మీది తోటలో వెయ్యి చిలకలు. చెట్ల మధ్య మనిషంత శిలలు. రెండు శిలలకు తన అన్నల ముఖాలు! "అన్నయ్యా!" అంటూ చారుకేతుడు పరుగున వెళ్లి వాటిని తడిమాడు.

చిలకలకు గింజలు చల్లుతున్న మందారమాల దగ్గరకొచ్చింది. "వెళ్లిపోండి రాకుమారా! మాంత్రికుడి ప్రాణం వీటిలో ఒక్క చిలకలో ఉంది. మీ పెద్దన్నయ్య అన్నిటికన్నా అందమైనదాన్ని పట్టుకున్నారు. రెండో అన్నయ్య అన్నిటికన్నా పెద్దదాన్ని పట్టుకున్నారు. తప్పు చిలకను ముట్టుకున్నవాళ్లు శిలలైపోతారు."

అంతలో ధూమ్రకేశుడు పకపకా నవ్వుతూ వచ్చాడు. "ఈసారి బొమ్మలవాడా! మూడు రోజులు గడువు. ఆపైన నువ్వూ రాయివే!"

చారుకేతుడు కూర్చుని గీశాడు. మొదటి రోజు ముక్కులు గీశాడు, అన్నీ ఒకేలా ఉన్నాయి. రెండో రోజు రెక్కలు గీశాడు, అవీ ఒకేలా ఉన్నాయి. మూడో రోజు కాళ్లు గీద్దామంటే గడ్డిలో కనబడవు.

"రాకుమారీ, గింజలు వద్దు. కాయలు వెయ్యండి!"

మందారమాల కొంగు బిగించి జామచెట్టెక్కింది. బుట్టెడు కాయలు కోసి విసిరింది. చిలకలన్నీ కాలితో కాయ పట్టుకుని కొరకసాగాయి. ఒక్క చిలక కాలిలోంచి మాత్రం కాయ జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. చారుకేతుడు దాని వేళ్లు చూశాడు. చిలకకు ముందు రెండు, వెనక రెండు ఉండాలి. దీనికి కాకిలా ముందు మూడు, వెనక ఒకటి!

"ఇది చిలకే కాదు!" అంటూ ఎగిరి దూకాడు.

మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. చెట్టు మీంచి మందారమాల బుట్టతో సహా మిగిలిన కాయలన్నీ వాడి నెత్తిన కుమ్మరించింది. వాడు తూలిపడేలోగా చారుకేతుడు చిలకను పట్టేశాడు. గుప్పెట బిగించగానే అది పిండిలా రాలిపోయింది.

"ఎలా తెలుసుకున్నావురా?" అని అరిచాడు ధూమ్రకేశుడు.

"ఇన్నేళ్లు చిలకలను పెంచావు, ఒక్కసారైనా వాటి కాళ్లు చూశావా?"

మాంత్రికుడు పొగై పోయాడు. శిలలన్నీ మనుషులై లేచాయి. అన్నలిద్దరూ తమ్ముణ్ణి భుజాలకెత్తుకుని గంతులేశారు.

తిరుగు ప్రయాణంలో మందారమాల అడిగింది, "నన్ను గీస్తారా?"

"మనుషుల్ని గీయడం ఇంకా రాదు."

"నేర్చుకోండి. నాకేం తొందర లేదు," అని నవ్వింది.

సౌగంధిపురంలో వాళ్ల పెళ్లి తొమ్మిది రోజులు జరిగింది. అన్నలే పట్టుబట్టి తమ్ముడికి కిరీటం పెట్టించారు. చారుకేతుడూ మందారమాలా అరవై ఏళ్లు ఏలారు. ఆ అరవై ఏళ్లూ ఆ రాజ్యంలో మనుషులూ మృగాలూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాయి.