నీళ్ళనడిగి వేసిన బాట

అనగనగా ఒక ఊళ్ళో... ఊహూఁ, ఊళ్ళో కాదర్రా, ఊరికీ ఊరికీ మధ్యన. అనగనగా ఒక బాట. నవ్వకే చిన్నీ, బాటకి మాత్రం కథ ఉండకూడదా? ఒరే వాసూ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లికేదిరా? ఆఁ, అలా. ఊ కొట్టండి మరి.

ఆ బాట రాజుగారి కోట దగ్గర మొదలై, ఎర్రకొండ వాలు వెంట తిరిగి తిరిగి, అవతలి రాజ్యం పొలిమేర దాకా పోయేది. దాన్ని చూసుకోవడానికి ఏడిళ్ళ వాళ్ళుండేవారు. తాతల నాటినుంచీ అదే వాళ్ళ పని. అందుకు రాజులు ఇంటికింత పొలం మాన్యమిచ్చారు. ఆ ఏడిళ్ళలో ఒకింటి ముసలావిడ అంకమ్మ. ఆవిడ కోడలు నాంచారి.

వాళ్ళకో పద్ధతుండేది. తొలకరి వాన పడగానే ఊరంతా ఇళ్ళలోకి పరిగెడుతుందా, ఈ అత్తాకోడళ్ళు బయటికి పరిగెత్తేవాళ్ళు! చంకలో వావిలి పుల్లల కట్ట పెట్టుకుని, తడిసి ముద్దవుతూ బాట పొడుగునా నడిచేవాళ్ళు. కొండమీంచి వచ్చే నీళ్ళు బాటని ఎక్కడ దాటుతున్నాయో చూసి అక్కడో పుల్ల పాతేవాళ్ళు. వాన వెలిశాక మగాళ్ళు పుల్ల ఉన్నచోట తవ్వితే, అంకమ్మ రాళ్ళు పేర్చి బాట అడుగున రాతితూము కట్టేది. తూమంటే నీళ్ళు పోయే దారి. పైన బళ్ళు, కింద నీళ్ళు, ఎవరి దోవ వాళ్ళది. అంకమ్మ కోడలికి చెప్పేదట, నీళ్ళనడిగి బాట వెయ్యాలే అమ్మాయీ, మనుషులు అబద్ధమాడతారు గానీ నీళ్ళాడవు అని.

ఇంక రాజుగారి సంగతి. పేరు గొప్పలరాజు, పేరుకి తగ్గవాడే. ఒక్కగానొక్క కూతుర్ని పొలిమేర అవతలి రాజ్యానికిచ్చాడు. కార్తీకంలో కబురొచ్చింది, అమ్మాయి నీళ్ళోసుకుంది, జ్యేష్ఠంలో పురిటికి వస్తుందని. రాజుగారికి కాలు నిలవలేదు. నా కూతురు ఆ బళ్ళబాటన వస్తుందా, వీల్లేదు, ఏడేనుగులు పక్కపక్కన నడిచేంత బాట కావాలి అన్నాడు. ఉన్న ఏనుగులు రెండర్రా! అందులో ఒకటి కుంటిది.

మంత్రి ఊరుకుంటాడా? ఈ ఏడిళ్ళవాళ్ళకి పలుగూ పారా తప్ప ఏం తెలుసు మహారాజా, గుత్తకిచ్చేద్దాం అన్నాడు. ఏడిళ్ళ మాన్యాలూ ఊడబెరికారు. ఏడు బళ్ళ ధనం బయటికి తీశారు.

ఇప్పుడు వినండి, వేళ్ళు ముడవండి. రాజు మంత్రికిచ్చాడు. మంత్రి బండెడు దాచుకుని పెద్ద గుత్తేదారుకిచ్చాడు. పెద్దవాడు మేడ కట్టుకుని నడిమి గుత్తేదారుకిచ్చాడు. నడిమివాడు పెళ్ళానికి వడ్డాణం చేయించి చిన్న గుత్తేదారుకిచ్చాడు. చిన్నవాడు గుర్రం కొనుక్కుని మేస్త్రీకిచ్చాడు. బళ్ళు బస్తాలయ్యాయి, బస్తాలు బుట్టలయ్యాయి, బుట్టలు దోసెడయ్యాయి. ఆ దోసెడూ పట్టుకుని మేస్త్రీ, బాట వెయ్యడం తెలిసినవాళ్ళెవరయ్యా అని వెతుక్కుంటూ వచ్చి ఎవరి గుమ్మం ముందు ఆగాడూ? ఊ? మన నాంచారి గుమ్మం ముందే!

మాన్యం పోయింది, గింజల కుండ ఖాళీ. పూటకి సోలెడు జొన్నల కూలికి నాంచారి తట్ట నెత్తినెత్తుకుంది. ఎత్తుగా మట్టి పోయించారు, పైన ఎర్ర గులకరాయి పరిపించారు. పాత తూములు పూడ్చెయ్యమన్నాడు మేస్త్రీ. అయ్యో, నీళ్ళెటు పోతాయి బాబూ అంది నాంచారి. అంబారీలో కూచున్న రాజుగారికి తూము కనపడుతుందా? కనపడనిదానికి ఖర్చెందుకు? నువ్వు కాకపోతే ఇంకోత్తి వస్తుంది పనికి అన్నాడు వాడు. అత్తగారు పేర్చిన రాళ్ళని నాంచారి తన చేతుల్తోనే పూడ్చింది. ఏడుస్తూనే, పల్లం వైపు ఒక్కో తూము మూతి దగ్గర ఒక్కో వావిలి పుల్ల గుచ్చింది. వావిలికో గుణముంది, కాస్త తడి తగిలితే చాలు, వేరు తన్నుకుంటుంది.

బాట తయారైంది. అబ్బ, ఏం బాట! జెండాలు, తోరణాలు, ఆమడకో ఆర్చీ. జనం బళ్ళు కట్టుకొచ్చి చూశారు. మీ తాతయ్యా అంతే, వంటిల్లు కారుతుంటే వీధి అరుగుకి రంగులేయించారు. ఆయనకి చెప్పకండి. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

జ్యేష్ఠంలో ఏవో వర్జ్యాలని ఆగి ఆగి, నెల చివర్న రాచకూతురు పల్లకీలో బయల్దేరింది. ఎదురెళ్ళి తీసుకొద్దామని రాజుగారు ఏనుగెక్కాడు. పల్లకీ కొండవాలుకొచ్చేసరికి వాన దిగింది. అలాంటిలాంటి వానా? కొండమీద ప్రతి రాయీ ఊటయిపోయింది. ఆ నీళ్ళన్నీ దిగొచ్చి ఏడేనుగుల బాటకి కొట్టుకున్నాయి. కిందనుంచి పోదామంటే దారేదీ? ఆగాయి, పెరిగాయి, చెరువైపోయాయి. ముందువైపు ఇంత బాట తెగి కొట్టుకుపోయింది. వెనకవైపు ఇంకో ముక్క పోయింది. మధ్యలో మిగిలిన దిబ్బ మీద పల్లకీ. పల్లకీలో రాచకూతురికి నొప్పులు మొదలయ్యాయి.

ఇవతలి ఒడ్డున రాజుగారు. తల్లీ, తల్లీ అని అరుస్తాడు. ఆ హోరులో ఆయన మాట ఆయనకే వినపడదు. ఎంత రాజైతేనేం, చేతులు పిసుక్కుంటూ నిలబడ్డాడు.

అప్పుడొచ్చిందర్రా నాంచారి! తొలకరి కదా, అలవాటు చొప్పున అత్తా కోడలూ బయటికొచ్చారు. మిగతా ఆరిళ్ళవాళ్ళనీ కేకేశారు. నాంచారి పల్లం వైపు దిగి చూస్తే, బాట వాలులో మోకాలెత్తున ఏడు వావిలి మొక్కలు! ఆ పుల్లలే! మొదటి మొక్క పక్కన గునపం దింపింది. ఒక పోటు, రెండు పోట్లు, మూడు పోట్లు. లోపలేదో గుడగుడమంది. మట్టి బిరడాలా ఎగిరింది, ఏనుగు తొండమంత లావున నీళ్ళు దూకాయి. నాంచారి కొట్టుకుపోయేదే, వావిలి మొదలు పట్టుకుని నిలబడింది. ఒక తూము తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. మూడోది, నాలుగోది... పైన చెరువు చూస్తుండగానే దిగిపోయింది. రాళ్ళు ఒక్కటి కదల్లేదర్రా, అంకమ్మ పేర్చింది పేర్చినట్టే ఉంది! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తెగినచోట నీళ్ళు మోకాల్లోతుకి తగ్గగానే అంకమ్మ దాటిపోయి పల్లకీ తెర వేసింది. ఎన్ని పురుళ్ళు పోసిన చెయ్యో అది! ఏడో తూము తెరుచుకునే వేళకి పల్లకీలోంచి కేరుమని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

రాజుగారు ఏనుగు దిగి, పట్టుబట్టల్తోనే బురదలో సాగిలపడి, బాటకి చెవి ఆనించాడు. అడుగున నీళ్ళు బుడబుడమంటూ వెళ్ళిపోతున్నాయి. ఇన్నాళ్ళూ నా బాట కింద ఇది జరుగుతోందా అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆయనకి.

మర్నాడు దర్బారు. ఈ బాట వేసిందెవరని అడిగాడు. మంత్రి పెద్ద గుత్తేదారుని చూపించాడు. పెద్దవాడు నడిమివాణ్ణి, నడిమివాడు చిన్నవాణ్ణి, చిన్నవాడు మేస్త్రీని. మేస్త్రీ తిరిగి చూసి, నేను కాదు మహాప్రభో, ఇదిగో ఈ నాంచారే వేసింది అన్నాడు!

నాంచారి జడిసిందా? కొంగు బిగించి ముందుకొచ్చింది. నిజమే మహారాజా, వేసింది నేనే, తట్ట మోసింది నేనే, ఆ పాపం నేనూ పంచుకుంటాను. మరి వేసినవాళ్ళకని తమరిచ్చిన ఏడు బళ్ళూ ఏవీ, నాకు చేరలేదే అంది.

దర్బారంతా గుడ్లప్పగించి చూసింది. రాజుగారు అయిదుగురివంకా చూశాడు. మేస్త్రీ దోసెట్లో మిగిలింది దిమ్మరించాడు, చిన్నవాడి గుర్రం వచ్చింది, నడిమివాడి వడ్డాణం వచ్చింది, పెద్దవాడి మేడ అమ్ముడుపోయింది, మంత్రి బండి వెనక్కొచ్చింది. మంత్రి పదవీ పోయింది. నాంచారి అందులో దమ్మిడీ ఇంటికి పట్టుకెళ్ళలేదు. ఏడిళ్ళ మాన్యాలు ఏడిళ్ళకిప్పించమంది, మిగిలిన సొమ్ముతో తెగినచోటల్లా రాతితూములు కట్టించింది. ఇంకొక్కటి కూడా అడిగింది. ఏటా తొలకరి వానలో రాజుగారు తనతో కాలినడకన రావాలని.

వచ్చాడర్రా! మనవరాల్ని భుజమ్మీద కూచోబెట్టుకుని, చంకలో వావిలి పుల్లల కట్టతో, కిరీటం లేకుండా. పిల్ల వేలు చూపిస్తే తాత పుల్ల పాతేవాడట.

అందుకే పైన పటారం లోన లొటారం పనులు చెయ్యకూడదు. కనపడే పని ఎవరైనా చేస్తారు. కనపడని పని ఎవరో చేసిపెట్టబట్టే మనం పొడికాళ్ళతో నడుస్తున్నాం.

ఇంక కథ కంచికి బయల్దేరింది. నాంచారి బాట కదా, కుదుపు లేకుండా పోతుంది. మనం ఇంట్లోనే ఉన్నాం కనక కళ్ళు మూసుకుంటే చాలు. రేపు వాన పడితే మాత్రం నన్ను లేపండి, మన పెరట్లో నీళ్ళెటు పోతున్నాయో చూసొద్దాం.